పడుగులో పడ్డ మనిషి

వయొలిన్ నేర్చుకునేవాడితో ఇబ్బంది పక్కింటివాళ్ళకే. చేమగ్గం కొన్నవాడితో ముప్పు బంధువర్గం మొత్తానికి! దసరాకల్లా ఇంటికో మఫ్లరు చేరుతుంది. విజయవాడ ఎండల్లో మఫ్లరేం చేసుకోవాలో ఇచ్చినవాడు చెప్పడు, పుచ్చుకున్నవాళ్ళు అడగరు.

టేబుల్ మీద పట్టే బుల్లి మగ్గాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. పెట్టె విప్పగానే నేత అభిమాని కనే మొదటి కల పోచంపల్లి చీర. నేతపనిలో నేయడం ఎక్కడో చివర్న వస్తుందని అతనికి మర్నాడు తెలుస్తుంది. అడుగు వెడల్పు మఫ్లరుకు అంగుళానికి 20 చొప్పున 240 నిలువు పోగుల పడుగు కావాలి. ప్రతి పోగునూ దువ్వెనలాంటి పన్నె పళ్ళ సందుల్లోంచి లాగాలి. సరిగ్గా 137వ పోగు దగ్గర వంటింట్లోంచి "కాఫీ కలపనా?" అని వినిపిస్తుంది. మళ్ళీ ఒకటి నుంచి లెక్క.

ఆ గండం గట్టెక్కితే అడ్డపోగుల పేక సులువే. ఒకటి పైన, ఒకటి కింద అయితే సాదా నేత. రెండు పైన, రెండు కింద పెట్టి, వరసవరసకూ ఒక్కో పోగు పక్కకు జరిపితే ట్విల్. జీన్స్ ప్యాంటు మీది వాలుగీతలు ఈ కుటుంబానివే. అది తెలిసిన రోజున అభిమాని సొంత ప్యాంటును భూతద్దంతో పరీక్షిస్తాడు. అక్కడితో ఆగితే బాగానే ఉండేది.

అతని పొగరు దించేది మంగళగిరి. ఆ చీరకు ఒంటినిండా బుటాలుండవు, అందమంతా నిజాం అంచుదే. సాదాయే కదా అని దిగితే, సాదా నేతలో తప్పు దాచుకునే చోటే లేదని తేలుతుంది. పేకను ఒకసారి బిగించి, ఒకసారి వదులుగా లాగితే చాలు, అంచు గోదావరి గట్టులా వంకర్లు పోతుంది.

పోచంపల్లిలో బొమ్మ మగ్గమెక్కక ముందే నూలు మీద ఉంటుంది. కట్లు కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్ళీ కడతారు. ఇక్కత్ అంటే ఇదే. పుట్టపాక తేలియా రుమాలులోనైతే పడుగుకూ పేకకూ కూడా ఇదే వైభోగం. పైగా ఆ నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదనీళ్ళలో రోజుల తరబడి నానబెట్టాలి. అపార్ట్‌మెంటు బాల్కనీలో ఈ ప్రయోగం చేస్తే ఫలితాలు అసోసియేషన్ సమావేశంలో ప్రకటిస్తారు.

కట్లకు ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో దిగేసిన మేకుల చుట్టూ పేక నూలు తిప్పడమన్నమాట. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటలో, అమ్మ లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అభిమానికి భుజం పట్టేస్తే అంత కష్టం అక్కర్లేదు. అమృతాంజనం రాసుకుని, మగ్గాన్ని అటకెక్కిస్తాడు.

మగ్గం అటకెక్కినా చూపు దిగదు. నేసిన ఇక్కత్‌లో బొమ్మ అంచులు కాస్త అలుక్కుపోయినట్టుంటాయి, వెనకవైపూ రంగు అంతే ముదురుగా కనిపిస్తుంది. అచ్చు వేసింది తిరగేస్తే వెలవెలబోతుంది. తిరగేయాలంటే కొంగు పట్టుకోవాలి, చిక్కంతా అక్కడే. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనత్తగారి 'పోచంపల్లి'ని అందరిముందూ ప్రింటని తేల్చేశాడో పెద్దమనిషి. తర్వాతి పెళ్ళికి భార్య ఆయన్ని ఇంట్లోనే వదిలి వెళ్ళింది. చదివింపుల కవరు మీద మాత్రం ఆయన పేరే రాసింది.