భంగారులో బంగారం

పాత గృహ కంప్యూటర్లు అంటే, 1980లలో మీటల పలక కిందనే యంత్రమంతా ఇమిడ్చి, ఇంట్లోని టీవీకి తగిలించుకొని వాడుకొనేలా తయారుచేసిన చిన్న కంప్యూటర్లు. వీటిని సేకరించేవారిలో స్థూలంగా రెండు తెగలున్నాయి: యంత్రం దొరికిందని సంబరపడేవారు, దానికి తగిన తీగ దొరకలేదని కుమిలిపోయేవారు. మొదటి తెగవారంతా త్వరలోనే రెండో తెగలో చేరిపోతారు కాబట్టి ఈ విభజనకు శాస్త్రీయమైన విలువ పెద్దగా లేదు గాని, సేకరణ అనే వ్యసనంలో యంత్రం నిమిత్తమాత్రమని, ప్రాణమంతా అనుబంధ సామగ్రిలోనే ఉందని మాత్రం దీనివల్ల రుజువవుతుంది.

సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలోని జోల్వా మొదలుకొని నగరంలోని లింబాయత్ వరకు, వస్త్ర పరిశ్రమను నమ్ముకొని బతుకుతున్న తెలుగువారికి ఈ సత్యాన్ని ఎవరూ బోధించనక్కరలేదు. జకార్డు అంటే మగ్గం పైన బిగించే సాధనం. దానిలో వరుసగా కుట్టిన అట్టలు తిరుగుతుంటే, రంధ్రం ఉన్నచోట కొక్కెం పడుగు పోగును పైకి లేపుతుంది, లేనిచోట ఆ పోగు కిందనే ఉండిపోతుంది, ఆ సందులోంచి పేక నడిచి పువ్వు తేలుతుంది. అట్టలు పోయిన జకార్డు తూకానికి అమ్ముకోవడానికి తప్ప దేనికీ కొరగాదు. ఫ్రాన్సులో జోసెఫ్ మరీ జకార్డ్ 19వ శతాబ్ది ఆరంభంలో స్థిరపరచిన ఈ పద్ధతికి దగ్గరి చుట్టమే, హెర్మన్ హోలెరిత్ 1890 నాటి అమెరికా జనాభా లెక్కలకు వాడిన రంధ్రాల కార్డు. ఆ కార్డే తరువాత దశాబ్దాల పాటు కంప్యూటర్లకు మేత అయింది. అందువల్ల కంప్యూటరుకు మగ్గంతో బంధుత్వం ఉందని చెప్పుకోవడానికి సూరత్‌లోని తెలుగు నేతగానికి పూర్తి హక్కు ఉంది. ఆ హక్కును చూసి కూలి పెంచిన షావుకారు మాత్రం ఇంతవరకు చరిత్రకెక్కలేదు.

గృహ కంప్యూటర్లలో జ్ఞాపకాలకు ఎక్కువ మేత పెట్టింది బ్రిటన్‌లో 1982లో వెలువడిన సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్. దీని తరువాతి రూపాన్ని పుణెకు చెందిన డెసిబెల్స్ సంస్థ మన దేశంలో అమ్మింది. పెద్ద రకం యంత్రానికి ఉన్న జ్ఞాపకశక్తి 48 కిలోబైట్లు. నేటి సెల్‌ఫోనులో పండగ శుభాకాంక్షల బొమ్మ ఒక్కటి కూడా అందులో పట్టకపోవచ్చు. కార్యక్రమాలు మామూలు పాటల క్యాసెట్టులోనే శబ్దరూపంలో ఉండేవి. జె అనే మీట ఒక్కసారి నొక్కితే లోడ్ అన్న మాట మొత్తం తెర మీద పడేది. ఆపైన రెండు ఉల్లేఖన చిహ్నాలు కొట్టి, ఎంటర్ నొక్కి, టేప్‌రికార్డరును నడిపిస్తే, తెర అంచుల్లో రంగుల చారలు పరుగెత్తుతూ, చెవులు చిల్లులు పడే కీచుధ్వనితో అయిదు నిమిషాల క్రతువు సాగేది. ధ్వని కాస్త హెచ్చినా తగ్గినా, టేపు చదివే శిరస్సు వెంట్రుకవాసి పక్కకు ఒరిగినా, చివరి క్షణంలో టేపు లోపమని యంత్రం ప్రకటించేది. ఆ శిరస్సు పక్కనున్న మరను చిన్న స్క్రూడ్రైవరుతో సవరిస్తే కంప్యూటరు ఆట వచ్చేది గాని, ఇంట్లో ఘంటసాల గొంతు మూగబోయేది. టీవీ కూడా ఉమ్మడి ఆస్తే కాబట్టి, 1987 జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం మొదలయ్యాక ఆదివారం ఉదయం ఏ కంప్యూటరుకూ దాని మీద అధికారం చెల్లలేదు. ఇంతటి యాతనను స్వర్ణయుగమని తలచుకొంటున్నారంటే, జ్ఞాపకం అనేది నికరంగా లాభాలను మాత్రమే నమోదుచేసే లెక్కల పుస్తకమని భావించవలసి ఉంటుంది.

సేకర్తకు తీర్థస్థలం భంగారు దుకాణం. పాత సామాన్లు కొనేచోటును గుజరాతులో అలాగే పిలుస్తారు. అక్కడ తూకానికి పడివున్న వస్తువును ఒకడు చేతిలోకి తీసుకొని తిప్పి చూసిన మరుక్షణం దానికి పురావస్తువు హోదా సంక్రమిస్తుంది, ధర కూడా హోదాకు తగినట్టే మారుతుంది. కాబట్టి అనుభవజ్ఞుడైన సేకర్త మీటల పలక వైపు కన్నెత్తి చూడకుండా, పక్కనున్న విరిగిన ఫ్యానును బేరమాడి, తీగల కట్టను ఊరికే కొసరుగా అడుగుతాడు. దుకాణదారు ఫ్యాను అమ్ముడుపోయిందని నవ్వుకొంటాడు, సేకర్త తీగ దొరికిందని నవ్వుకొంటాడు, ఫ్యాను ఇంటికి చేరాక ఇల్లాలు మాత్రం నవ్వదు.

పసుపుబారిన ప్లాస్టిక్‌ను తెల్లబరచే చికిత్స వేరే అధ్యాయం. మంట అంటుకోకుండా ప్లాస్టిక్‌లో కలిపిన బ్రోమిన్ రసాయనాలు కూడా ఆ రంగుకు ఒక కారణమని చెబుతారు. హైడ్రోజన్ పెరాక్సైడు పూసి ఎండలో పెడితే అది విరుగుతుంది. సూరత్ ఎండకు లోటు లేదు గనుక డాబా మీద ఒకవైపు వడియాలు, మరోవైపు మీటల పలక ఎండుతుంటాయి, రెండిటికీ కాకుల భయం సమానమే. వడియాలు ఎండితే ఎండినట్టే. పలక మాత్రం కొన్నాళ్లకు మళ్లీ పసుపుబారుతుంది.

ఎవరి అటక మీదనైనా స్పెక్ట్రమ్ మిగిలి ఉంటే, దొరికిన సంబరంలో చేతికందిన 9 వోల్టుల అడాప్టరును దానికి తగిలించవద్దు. సాధారణ అడాప్టర్ల పిన్నులో లోపలి కొన ధన ధ్రువమైతే, స్పెక్ట్రమ్‌కు అది రుణ ధ్రువం కావాలి. ఈ తేడాను చూసుకోకపోతే నలభై ఏళ్లు బతికిన యంత్రం స్విచ్చి వేసిన క్షణంలోనే కాలిపోవచ్చు. ముందు అడాప్టరు వెతకండి, ఆ తరువాతే అటక ఎక్కండి.