మూడు గడుల లెక్క: ఒక ఇంధన పంపు ఆత్మకథ

ఈ ఆత్మకథకు కర్త కర్నూలు జిల్లా పశ్చిమాన, ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే దారిలో ఒక పెట్రోలు బంకులో నిలిచివున్న ఇంధన పంపు. నేలలో పాతిన ట్యాంకుల నుంచి పెట్రోలునూ డీజిల్‌నూ పైకి లాగి, కొలిచి, నాజిల్ గుండా బండ్లకు పోయడం దాని వృత్తి. ఏటేటా తూనికలు కొలతల శాఖ అధికారులు అయిదు లీటర్ల కొలపాత్రతో దాని కొలతను సరిచూసి ముద్ర వేసి పోతారు. దాని ముఖాన మూడు గడులున్నాయి: పై గడిలో చెల్లించవలసిన సొమ్ము, నడిమి గడిలో పోసిన లీటర్లు, కింది గడిలో లీటరు ధర కనిపిస్తాయి. మొదటి రెండు గడులూ ప్రతి బండికీ సున్నాతో మొదలవుతాయి గాని, మూడో గడిలోని అంకె ఆదోనికి ఎంతో దూరాన జరిగిన నిర్ణయాల ఫలితం. ఆ అంకె మారినప్పుడల్లా పత్తి చేలల్లో, మగ్గాల గుంటల్లో, వంటిళ్ళలో ఏమేమి మారుతుందో, ఆ భారం చివరకు ఎవరి భుజాల మీద నిలుస్తుందో వివరించడమే ఈ ఆత్మకథ ఉద్దేశం.

పంపు బంకులోకి వచ్చిన తొలి సంవత్సరాల్లో మూడో గడి అరుదుగా మారేది, ఎందుకంటే ధరను నిర్ణయించే అధికారం ఆచరణలో కేంద్ర ప్రభుత్వానిదే. 2010 జూన్‌లో పెట్రోలు ధర, 2014 అక్టోబరులో డీజిల్ ధర ఆ నియంత్రణ నుంచి తొలగాయి. 2017 జూన్ 16 నుంచి రోజూ ఉదయం ఆరు గంటలకు ధర మార్చే పద్ధతి దేశమంతటా అమలులోకి వచ్చింది. దేశానికి కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతే గనుక, అంతర్జాతీయ ధర పెరిగితే ఇక్కడా పెరగాలి, తగ్గితే ఇక్కడా తగ్గాలి అన్నది ఆ పద్ధతి వెనుక ఉన్న సూత్రం. అయితే 2020లో కరోనా వల్ల ముడి చమురు ధర పడిపోయినప్పుడు ఈ సూత్రం రెండో సగం పనిచేయలేదు. ఆ ఏడాది మే నెలలో కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని, అనగా వస్తువు ఉత్పత్తి దశలోనే విధించే పన్నును, పెట్రోలుపై లీటరుకు 10 రూపాయలు, డీజిల్‌పై 13 రూపాయలు పెంచింది. దానితో పెట్రోలుపై ఆ సుంకం 32 రూపాయల 98 పైసలకూ, డీజిల్‌పై 31 రూపాయల 83 పైసలకూ చేరి, తగ్గిన చమురు ధర ఫలం కొనుగోలుదారు చేతికి అందకుండానే పోయింది.

కేంద్ర సుంకం కలిసిన ధర మీద రాష్ట్రం విలువ ఆధారిత పన్నును, అనగా వ్యాట్‌ను విధిస్తుంది. ఇది అమ్మకపు విలువలో ఒక శాతంగా లెక్కకట్టే పన్ను గనుక, కింది మెట్టున ధర గానీ సుంకం గానీ పెరిగితే పై మెట్టున రాష్ట్ర రాబడి కూడా తనంతట తానే పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలుపై 31 శాతం, డీజిల్‌పై 22.25 శాతం వ్యాట్ కాక, లీటరుకు 4 రూపాయల అదనపు పన్ను, ఒక రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు కూడా కలిశాయి. ఇన్ని మెట్లు ఎక్కిన పెట్రోలు ధర 2021లో నూరు దాటింది. రూపాయలకు రెండంకెల చోటు మాత్రమే ఉన్న ఈ పంపు మూడో గడి ఆ ధరను చూపలేకపోవడంతో, మెకానిక్కు వచ్చి లోపలి సర్క్యూట్ కార్డునూ గడినీ మార్చి మూడో అంకెకు చోటు కల్పించవలసి వచ్చింది.

పన్నుల ప్రభావం ఎంతటిదో సరిహద్దు మరింత స్పష్టంగా చూపింది. ఆదోనికి పడమట సిరుగుప్ప, ఎమ్మిగనూరు మీదుగా పోతే రాయచూరు, ఆలూరు దాటితే బళ్ళారి, ఈ మూడూ కర్ణాటక ఊళ్ళు. 2021 నవంబరులో కేంద్రం పెట్రోలుపై 5, డీజిల్‌పై 10 రూపాయల సుంకం తగ్గించినప్పుడు, కర్ణాటక తన పన్నులోనూ లీటరుకు ఏడేసి రూపాయలు తగ్గించగా, ఆంధ్రప్రదేశ్‌లో వ్యాట్ రేటు మారలేదు. ట్యాంకు నిండా వందల లీటర్లు పట్టే లారీ వీలైనంతవరకు సరిహద్దు దాటి డీజిల్ పోయించుకుంటుంది. దుక్కి ట్రాక్టరుకు, చేనికి పోయే మోటారు సైకిలుకు, కూలీలను ఎక్కించుకునే ఆటోకు ఆ వీలు లేదు. ఒకే చమురుకు రెండు ధరలున్నప్పుడు తక్కువ ధర పెద్ద బండికీ, ఎక్కువ ధర చిన్న బండికీ దక్కుతాయి.

ధర పెరిగినంత మాత్రాన వాడకం అంతగా తగ్గని స్థితిని అర్థశాస్త్రంలో అవ్యాకోచ డిమాండు అంటారు. ట్రాక్టరు దున్నకుండా ఉండలేదు, ఆటో తిరగకుండా ఉండలేదు గనుక డీజిల్ విషయంలో ఆ మాట చాలావరకు నిజం. కానీ ఈ పంపు దగ్గర మోటారు సైకిలు మనిషి లీటర్ల లెక్కన అడగడు. 'నూరు రూపాయలకు పొయ్యి' అంటాడు, ఎందుకంటే కూలి డబ్బులో అతడు పెట్రోలుకు తీసిపెట్టగలిగేది అంతే. లీటరు 75 రూపాయలున్నప్పుడు నడిమి గడి 1.33 దగ్గర ఆగేది, 110 అయినప్పుడు 0.91 దగ్గరే ఆగుతుంది. పై గడి మారలేదు, నడిమి గడి కుంచించుకుపోయింది. అంటే ఆ ఇంటి మనిషి ఒక సంతనో, ఒక ఆసుపత్రి ప్రయాణాన్నో, దూరపు ఊరిలో దొరికే ఒక పనినో వదులుకున్నాడని అర్థం.

ఆదోని వ్యవసాయ మార్కెట్ యార్డుకు వచ్చే పత్తిలో భార బదిలీ ఎలా జరుగుతుందో చూడవచ్చు. భార బదిలీ అనగా తనపై పడిన ఖర్చును ధరలో కలిపి తరువాతి వానిమీదికి నెట్టడం. డీజిల్ పెరిగితే ట్రాక్టరు యజమాని ఎకరా దుక్కికి బాడుగ పెంచుతాడు. లారీ యజమాని పత్తి బేళ్ళ కిరాయి పెంచుతాడు. జిన్నింగ్ మిల్లు, అనగా పత్తి నుంచి గింజను వేరుచేసే కర్మాగారం, ఆ కిరాయిని లెక్కలో పెట్టుకొనే వేలంలో పాట పాడుతుంది. రైతు మాత్రం దుక్కి బాడుగ, మందులు కొట్టే ఖర్చు, యార్డు దాకా బండి కిరాయి అన్నీ మోసి, వేలంలో పలికిన ధరకు పత్తిని వదిలిపోతాడు. పెరిగిన ఖర్చు రెండు వైపుల నుంచీ అతని దగ్గరకే చేరుతుంది. దాన్ని నెట్టడానికి అతని ముందు ఎవరూ లేరు.

ఎమ్మిగనూరు చేనేత కార్మికుని స్థితి కూడా ఇటువంటిదే. పద్మశ్రీ మాచాని సోమప్ప 1938లో స్థాపించిన సహకార సంఘం నేతగానికి నూలు సమకూర్చి, బట్టను అమ్మిపెట్టి, దళారుల చేతి నుంచి అతణ్ణి కాపాడాలన్న ఆశయంతో పుట్టింది. నూలు, రంగులు బయటి నుంచి రావాలి, నేసిన బట్ట బయటికి పోవాలి. రెండు ప్రయాణాలకూ డీజిల్ కావాలి. మరమగ్గాల బట్టతో పోటీ వల్ల అమ్మకపు ధర పెంచే వీలు లేనప్పుడు, పెరిగిన రవాణా ఖర్చును సర్దడానికి మిగిలేది నేత కూలి ఒక్కటే.

వానలు మొహం చాటేసిన ఏడాది కోసిగి, మంత్రాలయం, ఆదోని, ఎమ్మిగనూరు మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి, అనగా కూలి పనుల వలసకు, బయలుదేరి, గుంటూరు మిరప చేలకూ, తెలంగాణ పత్తి చేలకూ పోతాయి. మూటలు, వంట పాత్రలు, బడి మానిన పిల్లలతో నిండిన వాహనాలు ఈ పంపు ముందే డీజిల్ పోయించుకుంటాయి. ఆ డీజిల్ డబ్బు బాడుగ రూపంలో కూలీల రాబోయే సంపాదన నుంచే పోతుంది. ఇళ్ళ దగ్గర మిగిలిన ముసలివాళ్ళకు 2024లో మొదలైన దీపం-2 పథకం ఏటా మూడు వంటగ్యాస్ సిలిండర్లు ఉచితంగా ఇవ్వడం నిజమైన ఊరటే. అవి అయిపోయాక మళ్ళీ కొనలేని ఇంట పొయ్యి కింద పత్తి కట్టె, కంది కట్టె చేరుతాయి.

ఒక్క ప్రాంతంలో కనిపించిన ఈ వరుసే దేశమంతటా జరిగినప్పుడు దానికి ద్రవ్యోల్బణం, అనగా సాధారణ ధరల స్థాయి నిరంతరంగా పెరగడం, అని పేరు. 2012 ఆధార సంవత్సరంగా గల వినియోగదారుల ధరల సూచీలో ఇంధనం, దీపాల వాటా 6.84 శాతమే గాని, ఆహార పానీయాల వాటా 45.86 శాతం ఉండేది. కూరగాయల నుంచి బియ్యం దాకా ప్రతిదీ లారీ ఎక్కే రావాలి గనుక డీజిల్ అసలు ప్రభావం ఆ పెద్ద వాటాలో దాగివుంటుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో చమురు, ఆహార ధరలు పెరిగి, ద్రవ్యోల్బణ సగటు వరుసగా మూడు త్రైమాసికాలు 6 శాతం పరిమితికి పైనే నిలవడంతో, రిజర్వు బ్యాంకు చట్ట ప్రకారం కేంద్రానికి వివరణ ఇవ్వవలసి వచ్చింది. బ్యాంకులకు తాను ఇచ్చే స్వల్పకాలిక అప్పుపై వడ్డీని, అనగా రెపో రేటును, 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది. ఆ విధంగా చమురు ఖర్చు వడ్డీ రూపం కూడా ధరించి, ట్రాక్టరు, ఆటో వాయిదాలు కట్టేవారిని మరోసారి తాకింది.

ప్రభుత్వాలకు రాబడి అవసరమన్న సంగతిని ఈ పంపు కాదనదు. రోడ్లు, బడులు, సిలిండర్ల రాయితీ అన్నీ ఆ డబ్బుతోనే నడవాలి. అయితే కూలివాని నూరు రూపాయల మీదా, సంపన్నుని నిండు ట్యాంకు మీదా ఒకే రేటున పడే పన్నును సులభంగా వసూలవుతుందన్న కారణాన పెంచుకుంటూ పోవడం న్యాయం కాదు. చమురు ధర తగ్గినప్పుడు ఆ తగ్గుదల కొనుగోలుదారుకు చేరాలి, సరిహద్దుకు ఇటూ అటూ పన్నుల అంతరం తగ్గాలి, పత్తి మద్దతు ధర లెక్కలో ఆ ఏటి డీజిల్ ఖర్చు ఆ ఏడే చేరాలి, సుగ్గికి పోనక్కరలేకుండా ఊళ్ళోనే పని, కాలువలకు నీళ్ళు దొరకాలి. భారాన్ని మరొకరి మీదికి నెట్టగలవారు ఎట్లాగూ నెట్టివేస్తారు. నెట్టలేని రైతు, నేతగాడు, కూలీల కోసం ఆలోచించవలసిన బాధ్యత మూడో గడిలోని అంకెను నిర్ణయించేవారిదే.