కవచకర్త పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

రేకు కోసి వంచి రివిటులు బిగగొట్టి
తొడిగి చూడఁ జేయి తొణకదాయె;
పొరుగువారు విసిగి పోలీసులనుఁ బిల్వ
కవచకర్త కపుడు కవచ మేది?

అవతారిక

మధ్యయుగపు ఐరోపా యోధులు తొడిగిన ఉక్కు కవచాన్ని సెలవు రోజుల్లో, ఇంటి గ్యారేజిలో, ఎవరూ అడగకుండానే తయారుచేసుకునే అభిరుచిపరుడు ఈ పద్యానికి నాయకుడు. అమెరికాలో ఇలాంటి నాయకులు పెరగడానికి ఒక ముఖ్య కారణం సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం అనే సంఘం. అది 1966లో కాలిఫోర్నియాలోని బర్క్లీలో ఒక పెరటి విందుతో మొదలైంది. సంఘ సభ్యులు పేము కర్రలనే ఖడ్గాలుగా పట్టుకుని పోరాడతారు. ఖడ్గం పేముదైనా దెబ్బ నిజమైనదే కాబట్టి నిబంధనలు గట్టిగా ఉంటాయి. శిరస్త్రాణానికి 16 గేజి కన్నా పలచని ఉక్కు పనికిరాదు. ముఖం ముందరి ఊచల సందులోంచి అంగుళం మందం కర్ర దూరకూడదు. కొనబోతే ధర భయపెడుతుంది. చేసుకోబోతే ఒక సుత్తి చాలుననిపిస్తుంది. ఆ అనిపించడమే ఈ పద్యానికి ప్రేరణ.

ప్రతిపదార్థం

రేకు = ఇనుప రేకును; కోసి = కత్తిరించి; వంచి = ఒంటి ఒంపులకు తగినట్లు వంచి; రివిటులు = రివిట్లను; బిగన్ + కొట్టి = బిగుసుకునేలా కొట్టి; తొడిగి చూడన్ = తొడుక్కుని చూడగా; చేయి = చెయ్యి; తొణకదు + ఆయె = కదలకపోయెను; పొరుగువారు = పక్కింటివారు; విసిగి = ఓర్పు నశించినవారై; పోలీసులనున్ = రక్షకభటులను; పిల్వన్ = పిలువగా; అపుడు = ఆ సమయంలో; కవచకర్తకున్ = కవచం చేసినవానికి; కవచము + ఏది = కాపాడేది ఎక్కడున్నది?

తాత్పర్యం

రేకు కోసి, వంచి, రివిట్లు బిగించి తొడుక్కుంటే చెయ్యి లేవలేదు. ఈలోగా చప్పుడుకు విసిగిన పొరుగువారు పోలీసులను పిలిచారు. లోకాన్నుంచి కాపాడే కవచం చేసినవాడిని లోకం నుంచి కాపాడే కవచం లేకపోయిందని భావం.

విశేషాలు

రేకు. ఏ రేకు అని కవి చెప్పలేదు. ప్రసిద్ధిని బట్టి కర్బనం తక్కువగా ఉన్న మామూలు మైల్డ్ స్టీలు రేకునే గ్రహించాలి. చేతులకూ కాళ్లకూ 18 గేజి, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు, తలకు 16 గేజి, అంటే సుమారు 1.5 మిల్లీమీటర్లు; దెబ్బలు మరీ ఎక్కువ తినేవారి తలకు 14 గేజి. సంఖ్య పెరిగినకొద్దీ రేకు పలచబడుతుందన్నది కొత్తవారు దుకాణంలోనే మొదట నేర్చుకోవలసిన విపర్యయం.

ప్రాచీనుల రేకుకు ఈ సమత్వం లేదు. అది బట్టీలో వండిన ముద్దను సమ్మెటలతో సాగగొట్టగా వచ్చినది. అందులో చిట్టెం చారలు కనిపిస్తాయి. ఆ కవచాల లోహాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసిన అలన్ విలియమ్స్ 2003లో ప్రచురించిన గ్రంథం ఈ విషయంలో ప్రమాణం. ఆయన పరిశోధన ప్రకారం ఒకే కాలంలో మెత్తటి ఇనుప కవచాలూ, కర్బనం గల ఉక్కును కాల్చి నీళ్లలో ముంచి గట్టిపరిచిన కవచాలూ ఉండేవి. మందం కూడా ఒక్కలా ఉండదు. ఛాతీ పలక నడిమిభాగం దళసరిగా, పక్కలు పలచగా ఉంటాయి. దెబ్బ తగిలే చోట ఉక్కు, తగలని చోట పొదుపు. దుకాణంలో కొన్న సమతల రేకుతో ఈ సూక్ష్మం సాధించడం కష్టం. అందుకే నేటి ప్రతిరూపాలు అసలు వాటి కన్నా బరువు తూగడం పరిపాటి.

శంక: ఇంటి కప్పుకు వేసే తెల్లటి పూత రేకు చౌకగా దొరుకుతుంది కదా, అది ఎందుకు కాకూడదు? సమాధానం: ఆ పూత జింకు. రేకును ఎర్రగా కాల్చినప్పుడు జింకు ఆవిరై గాలిలో తెల్లటి పొగ అవుతుంది. అది పీల్చినవాడికి కొన్ని గంటల్లో వణుకుతో జ్వరం వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గేదే అయినా, యుద్ధానికి ముందే యోధుణ్ణి పడగొట్టే రేకును కవి ఉద్దేశించి ఉండడు.

కోసి. ఇది సుగమం. పలచని రేకుకు చేతి కత్తెర, దళసరి దానికి బల్లకు బిగించిన మీట కత్తెర. కోసిన అంచును ఆకురాయితో రాయాలన్నది అధ్యాహారం. రాయనివాడి అరచెయ్యే దానికి ఉదాహరణ.

వంచి. కవి రెండక్షరాల్లో దాటేసిన ఈ మాటలో విద్య అంతా ఇమిడి ఉంది. ముంజేతి గొట్టంలా ఒకే వైపు వంగేదాన్ని పైపు మీద పెట్టి చేత్తోనే వంచవచ్చు. మోకాటి చిప్ప, శిరస్త్రాణం వంటివి రెండు వైపులా వంగాలి. దానికి రెండు మార్గాలు. మొదటిది: చెట్టు మొద్దులో గుంట తొలిచి, దాని మీద రేకు పరిచి, గుండ్రటి తల సుత్తితో లోపలి వైపు నుంచి కొట్టడం. ఇది త్వరగా అవుతుంది. కాని రేకు సాగి నడిమధ్యన పలచబడుతుంది, అంటే కర్ర వచ్చి పడే చోటనే బలం తగ్గుతుంది. రెండవది: బంతిలాంటి ఇనుప దిమ్మె మీద రేకును ఆనించి, ఆనిన చోటికి కాస్త అవతల, వెలుపలి వైపు నుంచి వరసలు వరసలుగా కొడుతూ లోహాన్ని కుదించడం. బిందెలూ చెంబులూ కొట్టే కంచరివారికి ఇది తెలిసిన మార్గమే. ఆలస్యమవుతుంది, అయితే అంచులు దళసరెక్కుతాయి, శిఖరం బలం తగ్గదు. ఓర్పు లేనివాడు మొదటిదాన్ని, ఉన్నవాడు రెండవదాన్ని ఆశ్రయిస్తారు. అనుభవజ్ఞులు మొదటిదానితో ప్రారంభించి రెండవదానితో ముగిస్తారు.

కొట్టగా కొట్టగా ఉక్కు బిరుసెక్కి మాట వినడం మానేస్తుంది. ఇంకా కొడితే చిట్లుతుంది. అప్పుడు దాన్ని ఎర్రగా కాల్చి నెమ్మదిగా చల్లారనిస్తే మళ్లీ మెత్తబడుతుంది. చివర నున్నటి దిమ్మె మీద నున్నటి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేసి గుంటలు సరిచేయాలి. రూపం రావడానికి పట్టినంత కాలం ఈ నునుపుకూ పడుతుందని ముందే చెప్పేవారు లేకపోవడం వల్లనే చాలామంది గ్యారేజీల్లో సగం శిరస్త్రాణాలు మిగిలి ఉంటాయి.

రివిటులు. ఇది ఆంగ్లం నుంచి వచ్చిన పదం. యతి కుదిర్చింది కాబట్టి ఆక్షేపణ లేదు. పలకకూ పలకకూ, పలకకూ తోలు పట్టీకీ మధ్య ఇదే బంధం. ఒకదాని మీద ఒకటి రొయ్య పెంకులా జరిగే సన్నటి పలకల్లో ఒక పలకకు గుండ్రటి రంధ్రం కాక కోలగా గాడి పెడతారు. రివిటు ఆ గాడిలో అటూ ఇటూ జారుతుంది. అది జారాలంటే కొట్టేటప్పుడు పలకల మధ్య ఒక పలచని అట్ట ముక్క ఉంచి, తర్వాత లాగేయాలి. ఆ ముక్క వదిలిన ఖాళీయే కదలిక. పద్యంలో “బిగగొట్టి” అన్నాడు. బిగ అన్న మాటే చేయి కదలకపోవడానికి హేతువుగా నిలిచింది కనుక ఇక్కడ కావ్యలింగాలంకారం.

ప్రసక్తానుప్రసక్తంగా గొలుసు కవచం గురించి కొంత. కవి దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే పద్యం ఇప్పటికీ పూర్తయ్యేది కాదు. తీగను కడ్డీకి చుట్టి, చుట్టను కోసి, వచ్చిన ఉంగరాలను ఒక్కొక్కటీ నాలుగేసి ఉంగరాలతో కలుపుతూ అల్లాలి. చేతుల దాకా వచ్చే చొక్కాకు ఉంగరాలు ఇరవై ముప్ఫై వేల దాకా పడతాయి, బరువు పది కిలోల వరకూ తూగుతుంది. మధ్యయుగపు ఐరోపాలో సాధారణంగా ఉంగరాల కొసలను చదును చేసి, బెజ్జం వేసి, అతిచిన్న రివిటు కొట్టేవారు. నేటి అభిరుచిపరులు ఎక్కువగా కొసకు కొస ఆనించి వదిలేస్తారు. గట్టి పోటు పడితే అవి విచ్చుకుంటాయి. ఇలా ఆనించి వదిలిన గొలుసు కవచాలు మన దేశంలోనూ, ముఖ్యంగా 18, 19 శతాబ్దాల్లో, చేశారు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల విభాగంలో గొలుసు కవచాలను చూడవచ్చు.

తొడిగి చూడ. పద్యానికి ఇది జీవస్థానం, కవి తప్పటడుగు కూడా ఇక్కడే. కోయడం, వంచడం, రివిట్లు కొట్టడం అన్నీ అయ్యాక తొడిగి చూశాడు. క్రమం తలకిందులైంది. కవచం కమ్మరి పనిలా కనిపించే దర్జీ పని. మొదట తొడగవలసినది రేకు కాదు, అట్ట. గట్టి కాగితపు అట్టను కోసి, ఒంటికి చుట్టి, టేపు అంటించి, చెయ్యి ఎత్తి, దించి, మడిచి, వంగి, ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ కత్తిరించి, మళ్లీ తొడిగి, అప్పుడే ఆ ఆకారాన్ని రేకు మీద గీయాలి. కొలతలు తీసుకునేటప్పుడు లోపల తొడిగే దూది కుట్టిన అంగీ వేసుకునే ఉండాలి. ఉత్త చేతికి కొలిచినవాడి కవచం అంగీ మీద ఎక్కదు.

“రేకు కోసి” అన్న చోట “అట్ట కోసి” అని దిద్దుదామంటే గణం చెడదు; కాని “రివిటులు” తో యతి చెడుతుంది. యతి కోసం కవి అట్టను వదులుకున్నాడు, అట్టను వదులుకున్నందుకు చేతిని పోగొట్టుకున్నాడు. కొంచెం శ్రమపడితే రెండూ దక్కేవి. “అట్ట కోసి తొడిగి యాపైన రేకెత్తి” అంటే గణాలూ యతీ సరిపోతాయి, పనుల క్రమం సరిపోతుంది, తొడగడం దాని స్థానంలోకి వస్తుంది. అనుభవం లేని కవుల పాఠాన్ని వ్యాఖ్యాత ఇంతవరకు దిద్దడం దోషం కాదు.

చేయి తొణకదాయె. కారణాలు మూడు. పై చేతి గొట్టం పొడవెక్కువై మోచేతి మడత దగ్గర అడ్డుపడడం, రివిట్లు జారకపోవడం, చేతి కవచం బరువును మొత్తంగా భుజం పలకకే తగిలించడం. మూడవదానికి ప్రాచీనుల పరిష్కారం లోపలి అంగీకి కుట్టిన తాళ్లు. చేతి కవచాన్ని ఆ తాళ్లతో అంగీ భుజానికి కట్టేవారు, కాళ్ల బరువును నడుముకు కట్టేవారు. 15వ శతాబ్దపు పూర్తి యుద్ధ కవచం బరువు సుమారు 20 నుంచి 25 కిలోలు. అది ఒంటి నిండా పంపిణీ అవుతుంది కనుక తొడిగినవాడు నడిచేవాడు, పరిగెత్తేవాడు, తనంత తాను గుర్రమెక్కేవాడు. కవచధారిని కప్పీ తాడుతో గుర్రం మీదికి ఎత్తేవారన్న కథకు చరిత్రలో ఆధారం లేదు. 1944 నాటి ‘హెన్రీ ది ఫిఫ్త్’ చలనచిత్రం ఆ దృశ్యాన్ని ఎంతోమంది కళ్లలో నిలిపింది. కనుక కవచంలో చెయ్యి లేవకపోతే అది మధ్యయుగపు లక్షణం కాదు, గ్యారేజి లక్షణం.

ఈ కష్టం వద్దనుకునే ప్రారంభకులకు వీస్బీ మార్గం ఉంది. గోట్లాండ్ దీవిలో 1361 జూలైలో డెన్మార్క్ రాజు వాల్డెమార్ సేన వీస్బీ ఊరి బయట స్థానిక రైతుసేనను ఊచకోత కోసింది. ఎండలకు శవాలు త్వరగా పాడవుతుంటే కవచాలు విప్పకుండానే చాలామందిని సామూహిక గుంటల్లో పూడ్చారు. తవ్వకాల్లో దొరికిన ఆ పలకల అంగీలను బెంగ్ట్ థోర్డెమాన్ 1939–40లో వచ్చిన గ్రంథంలో విభజించి వర్ణించాడు. అవి గుడ్డకో తోలుకో లోపలి వైపున ఇనుప పలకలు రివిట్లతో బిగించినవి. పలకలకు లోతైన ఒంపులు అక్కర్లేదు. రేకు, కత్తెర, రివిట్లు చాలు. తొడిగితే చెయ్యి కదులుతుంది, ఎందుకంటే చెయ్యిని అది పట్టుకోనే పట్టుకోదు.

పొరుగువారు విసిగి. ఇది కవి కల్పన అనుకోరాదు. 14వ శతాబ్దిలో లండన్‌లో ఒక దంపతులు పక్కింటి కవచకారుడి మీద నగర న్యాయస్థానానికి ఫిర్యాదు చేశారు. ఛాతీ పలకలు, తొడ కవచాలు కొట్టే సమ్మెట దెబ్బలకు ఉమ్మడి గోడలు అదురుతున్నాయనీ, రాత్రింబవళ్లు తమకూ తమ పనివారికీ నిద్ర లేదనీ, నేలమాళిగలోని ద్రాక్షసారా, బీరు పాడవుతున్నాయనీ, బొగ్గు పొగ ఇంట్లోకి వస్తోందనీ చెప్పుకున్నారు. నగరంలో ఎక్కడైనా తన వృత్తి చేసుకునే హక్కు తనకుందని కవచకారుడు వాదించాడు. లండన్ కవచకారుల సంఘం 1322 నుంచీ ఉంది. 1453లో రాజశాసనం కూడా పొందింది. గ్యారేజి నాయకుడికి వెనక అలాంటి సంఘమేదీ లేదు. కాబట్టి “విసిగి” అన్న పదానికి బలం ఆనాటి కన్నా నేడే ఎక్కువ.

కవచ మేది? ఇది కాకువు, లేదని అర్థం. అయితే పరిష్కారాలు లేకపోలేదు. ఉక్కు మీద ఉక్కు దెబ్బ చప్పుడు వంద డెసిబెల్స్ దాటుతుంది కనుక ముందు కొట్టేవాడి చెవులకు మూత, గ్రైండరు పట్టినప్పుడు కళ్లకు అద్దాలు. దాగలి ఖంగుమని మోగకుండా దాని పక్కకు గొలుసు చుట్టడం, పెద్ద అయస్కాంతం అంటించడం, అడుగున రబ్బరు పరవడం ప్రయోగసిద్ధం. గుంట కొట్టే పనికి ఇనుము బదులు చెట్టు మొద్దు, ఇసుక నింపిన తోలు సంచి వాడితే శబ్దం బాగా తగ్గుతుంది. సుత్తి పని పగటికి, అట్టలు కోసే పని రాత్రికి పెట్టుకోవడం ఉత్తమం.

ఛందస్సు ఆటవెలది. యతిస్థానాలు రే–రి, తొ–తొ, పొ–పో, క–క. నాలుగూ కొలిచినట్టు కుదిరాయి.