మీనాహార సూత్రములు: టీకా తాత్పర్య విశేష సహితము

అవతారిక

కెనడాలో బ్రిటిష్ కొలంబియాలోని బర్నబీ నగరంలో, మెట్రోటౌన్ స్టేషనుకు నడిచి వెళ్లగలిగే దూరంలో, ఒకానొక అపార్ట్‌మెంటు ఫ్రిజ్ తలుపున అయస్కాంతం కింద వెలసిన ఐదు సూత్రాలకు ఇది వ్యాఖ్యానం. సూత్రకర్త్రి ఆ ఇంటి ఇల్లాలు. చెల్లెలి పెళ్లికి భీమవరం వెళుతూ, హాల్లోని గాజు తొట్టినీ అందులోని గోల్డ్‌ఫిష్‌లనూ భర్తకు అప్పగించి, కిరాణా బిల్లు వెనకవైపున వీటిని రచించింది. బిల్లు పొట్టిది కావడం చేత సూత్రానికి ఉండవలసిన పొదుపు దానంతటదే అమరింది. ఇక పూర్వపక్షి ఎవరంటే, సూపర్ వీసా మీద వచ్చి ఉన్న ఆమె మామగారు. కైకలూరు దగ్గర చాలాకాలం చేపల చెరువులు చేసిన మనిషి గనుక ఆయన ఆక్షేపణలను తేలిగ్గా తోసిపుచ్చడానికి వీల్లేదు.

సూత్రం 1: చిటికెడే, రెండు పూటలా.

టీక: చిటికెడే = బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఇమిడినంత మాత్రమే; రెండు పూటలా = ఉదయమొకమారు, సాయంత్రమొకమారు. ‘వేయవలెను’ అనేది అధ్యాహారం.

తాత్పర్యం: ఓ భర్తా, చేపలు రెండు మూడు నిమిషాల్లో పూర్తిగా తినగలిగినంత మేతనే వేయవలసినదని భావం.

విశేషం: ఏకారం అవధారణార్థకం. అది లేకపోతే ‘చిటికెడు చొప్పున ఎన్నిసార్లయినా’ అని అన్వయించే ప్రమాదం ఉంది. మామగారు ‘పిడికెడే’ అని ఒక పాఠాంతరం సూచించారు గానీ, దానికి ఏ ప్రతిలోనూ ఆధారం లేదు. “మాడి చస్తున్నాయిరా, పిడికెడు వేస్తే పోయేదేముంది?” అని ఆయన ఉపపత్తి.

సమాధానం. గోల్డ్‌ఫిష్‌కు జీర్ణాశయమనే సంచి లేదు. గొంతు దిగిన మేత తిన్నగా పేగులోకి పోతుంది. ఒకేసారి తిని దాచుకుని, తీరిగ్గా అరిగించుకునే సౌకర్యం దానికి దేవుడివ్వలేదు. పైగా మేత వేస్తే పెరుగుతుందన్న మాటకు ఒక గట్టు ఉంది. పిల్ల గోల్డ్‌ఫిష్‌కు మేతలో మాంసకృత్తులు దాదాపు 30 శాతం ఉంటే చాలు. డిస్కస్ వంటి మాంసాహారికైతే 45 నుంచి 50 శాతం దాకా కావాలి. అవసరానికి మించిన మాంసకృత్తులను చేప ఒంట్లో దాచుకోదు; కాల్చేసుకుంటుంది. అలా కాల్చగా మిగిలిన నత్రజని అమ్మోనియాగా మొప్పల గుండా నీళ్లలోకి వస్తుంది. కిందపడి కుళ్లిన మేతా చివరికి అమ్మోనియాయే అవుతుంది. మొప్పలు మండే నీళ్లలో ఏ చేపా పెరగదు. ‘తొట్టి ఎంతుంటే చేప అంతే పెరుగుతుంది’ అని లోకంలో ఒక మాట ఉంది. నిజానికి చేపను గిడసబార్చేది ప్రధానంగా పాడైన నీరే. మామూలు గోల్డ్‌ఫిష్ మంచి నీళ్లలో అడుగు పొడవు దాటగలదు. కాబట్టి పిడికెడు పాఠం అర్థానికి పొసగదు సరికదా, చేపను పొట్టిగా మిగులుస్తుంది.

సూత్రం 2: ఎర్ర డబ్బా రోజూ, పచ్చ డబ్బా వారానికి రెండుసార్లు.

టీక: ఎర్ర డబ్బా = క్రిల్, రొయ్యపొడి కలిసిన గుళికలు గలది; పచ్చ డబ్బా = స్పిరులినా అనే నాచుతో చేసిన మేత గలది.

తాత్పర్యం: చేపల ఒంటి రంగు నిమిత్తం ఈ రెండింటినీ క్రమం తప్పక వాడవలసినదని భావం.

విశేషం: ఈ గ్రంథానికి ప్రాణం ఇదే. చేప చర్మంలో రంగు కణాలు పలు తెగలు. నలుపుకు కావలసిన మెలనిన్‌ను చేప తనే తయారుచేసుకుంటుంది. వెండి మెరుపు గ్వానిన్ స్ఫటికాల మీద వెలుగు పడి వచ్చేది. నియాన్ టెట్రా నీలిగీతా ఆ కోవదే. వీటి మీద ఏ డబ్బా మేతకూ పెద్ద అధికారం లేదు. ఎరుపు, నారింజ, పసుపుల సంగతి వేరు. అవి చాలావరకు కెరొటినాయిడ్ల చలవ. వాటిని నాచు, మొక్క, కొన్ని సూక్ష్మజీవులు చేయగలవు గానీ చేప చేయలేదు. తినాల్సిందే.

అట్లయితే పచ్చ డబ్బా ఎందుకు? పచ్చటి మేత తిని ఒళ్లు ఎర్రబడడం పైకి విరోధంగా తోస్తుంది, ఇది విరోధాభాసాలంకారం. పరిహారం ఏమంటే, స్పిరులినాలో పచ్చదనం చాటున జియాజాంతిన్ అనే పసుపు పదార్థం ఉంది. గోల్డ్‌ఫిష్ దాన్ని తన ఒంట్లోనే ఆస్టజాంతిన్ అనే ఎరుపుగా మార్చుకోగలదు. ఈ విద్య అన్ని చేపలకూ రాదు. సాల్మన్‌కు రాదు, దానికి తయారైన ఆస్టజాంతినే కావాలి.

సాల్మన్ ప్రస్తావన అప్రస్తుతం కాదు. బర్నబీకి దక్షిణపు హద్దు ఫ్రేజర్ నది. సాక్‌ఐ సాల్మన్ పసిఫిక్‌లో క్రిల్ వంటి బుల్లి ప్రాణులను మేసి కండంతా ఎరుపు నింపుకుని, గుడ్లు పెట్టడానికి ఈ నదిలోకి వస్తుంది. మంచినీటిలోకి వచ్చాక మేత మానేస్తుంది. ఆ పస్తులోనే దాని కండలోని ఎరుపు చర్మానికీ, ఆడచేపలో గుడ్లకు కూడా, తరలిపోతుంది. ఒళ్లు కుంకుమలా, తల ఆకుపచ్చగా మారుతుంది. లోపలి కండ పాలిపోతుంది. 2018, 2022 వంటి పెద్ద రాకడ ఏళ్లలో జనం ఆడమ్స్ నది ఒడ్డుకు వెళ్లి చూసే ఎరుపంతా ఎన్నో నెలల కింద సముద్రంలో తిన్నదే. ఎర్ర డబ్బా తెచ్చిన మర్నాడే తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు దీన్ని గమనించాలి. గోల్డ్‌ఫిష్‌లో తేడా తెలియడానికి వారాలు పడుతుంది.

పెంపకం సాల్మన్‌కు సముద్రపు క్రిల్ దొరకదు గనుక మేతలోనే ఆస్టజాంతిన్ కలుపుతారు. కలపకపోతే కండ బూడిద తెలుపుగా ఉంటుంది, కొనేవాడు ముట్టడు. స్విట్జర్లాండుకు చెందిన హాఫ్‌మన్-లా రోష్ కంపెనీ ఈ పని కోసం 20 నుంచి 34 దాకా అంకెలు వేసిన రంగుల విసనకర్రే తయారుచేసింది. చీరకు జాకెట్టు గుడ్డ మ్యాచింగ్ చూసినట్టు చేపముక్క పక్కన దాన్ని పెట్టి చూస్తారు. కోళ్ల దాణాలో మన బంతిపూల రేకుల సారం కలిపి పచ్చసొనకు రంగు తెప్పించేదీ ఈ తంతే.

ఆక్షేపం: ఎరుపంతా తిండిదే అయితే, ఏ చేపకైనా ఎర్ర డబ్బా పెట్టి ఎర్రన చేయవచ్చునా?

సమాధానం: చేయలేము. ఇందుకు దృష్టాంతాలు బ్రిటిష్ కొలంబియాలోనే రెండున్నాయి. చినూక్ సాల్మన్‌లో కొన్ని అదే సముద్రంలో అదే మేత మేసినా కండ తెల్లగానే ఉంటుంది. హారిసన్ నది చినూక్‌లకు ఆ పేరు. అది పుట్టుకతో వచ్చిన గుణం. రెండోది కొకనీ. ఇది సముద్రానికి పోకుండా సరస్సులోనే బతికే సాక్‌ఐ. సరస్సులో కెరొటినాయిడ్లు తక్కువ. అయినా ఆ కొంచెంలోంచే ఎక్కువ రాబట్టుకునే నేర్పు తరతరాలుగా అలవడి, గుడ్ల వేళకు సముద్రపు దాయాదితో సమానంగా ఎర్రబడుతుంది. పుట్టుకలో లేని రంగును మేత తేలేదు. ఉన్నదాన్ని మాత్రం, కడుపు మాడిస్తే పోగొట్టగలదు, సరైనది పెడితే పైకి తేగలదు. తెల్ల గోల్డ్‌ఫిష్‌కు ఎర్ర డబ్బా పెట్టడం డబ్బు దండగ. డబ్బా మీది బొమ్మను ప్రమాణంగా తీసుకోరాదని నా మతం.

అపసిద్ధాంతాలు కూడా ఉన్నాయి. పారదర్శకమైన గ్లాస్‌ఫిష్‌లకు సూదితో రంగు ఎక్కించి అమ్మే దుర్మార్గం ఒకటి. ఆ రంగు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది. లేత చేపలకు మేతలో హార్మోన్లు కలిపి ముందుగానే రంగు తెప్పించడం మరొకటి. సూత్రకర్త్రి వీటిని పేర్కొనలేదు. పేర్కొనదగినవీ కావు.

మామగారి ఉపశంక: ఎరుపుకు రొయ్యే కారణమైతే, వంటింట్లో రొయ్యపొట్టు ఉండగా డాలర్లు పోసి డబ్బా ఎందుకు?

ఇది బలమైన శంక. రొయ్యలో ఉన్నదీ ఆస్టజాంతినే. పచ్చిగా ఉన్నప్పుడు అది ఒక మాంసకృత్తు పట్టులో ఇరుక్కుని నీలి బూడిద రంగులో కనిపిస్తుంది, వేడి తగలగానే ఆ పట్టు విడిపోయి మూకుడులో రొయ్య ఎర్రబడుతుంది. సిద్ధాంతరీత్యా ఆయన మాట చెల్లుతుంది. అయితే రొయ్యపొట్టులో ఉప్పూ ఇసుకా ఎంత ఉన్నదీ తెలియదు, విటమిన్ల లెక్క అసలే లేదు. కాబట్టి దాని వినియోగం చింతచిగురుతోనే.

సూత్రం 3: అన్నం మెతుకులు వద్దు.

టీక: స్పష్టం.

తాత్పర్యం: స్పష్టమే. అయినా నిషేధించారంటే, ఇంతకు ముందు ఎవరో వేశారని ఊహించవలెను.

విశేషం: ఇక్కడ మామగారు తమ శాస్త్రమంతా తీశారు. కొల్లేటి చుట్టుపక్కల చెరువుల్లో చిల్లుల సంచులకు తవుడు, చెక్క నింపి గెడలకు వేలాడదీస్తారు. శీలావతి, బొచ్చె వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతులు పెట్టి తింటాయి. ధాన్యపు మేత తిని కిలోల లెక్కన పెరిగిన చేపలను లారీలకెత్తిన చేతులవి. గోల్డ్‌ఫిష్ కూడా బొచ్చె, శీలావతుల కుటుంబానిదే. పిండిపదార్థం దానికి బొత్తిగా అరగదనడం అబద్ధం. మెతుకు విషమూ కాదు.

తేడా చెరువులో ఉంది. చెరువులో తవుడు సగం మేతే. మిగతా సగం ఎండ తగిలి పచ్చబడ్డ నీళ్లే పెడతాయి. ఆ నాచులో, దాన్ని తిని బతికే సూక్ష్మజీవుల్లో మాంసకృత్తులు, విటమిన్లు, కెరొటినాయిడ్లు అన్నీ ఉంటాయి. ఆరుబయట పచ్చనీళ్లలో పెరిగిన గోల్డ్‌ఫిష్‌కు తొట్టిలోదానికంటే చిక్కని రంగు రావడం అందువల్లనే. గాజు తొట్టిలో మనం వేసింది తప్ప ఇంకేమీ లేదు. చేప తన ఒంట్లో విటమిన్ సి చేసుకోలేదు. అది చాలకపోతే పెరిగే వయసులో వెన్ను వంకర తిరుగుతుంది. భాస్వరం తక్కువైనా ఎముకకు చేటే. అన్నంతో కడుపు నింపుకున్న చేపకు ఈ లోటు తీరే దారి లేదు. మరొకటి: చెరువు చేపకు అందం తూకంలో, తొట్టి చేపకు ఒంటి తీరులో. మామగారి శాస్త్రం తప్పు కాదు, దాని విషయం వేరు.

ప్రసంగవశాత్తు: మేత డబ్బా మూత తీశాక గాలికీ వేడికీ విటమిన్ సి త్వరగా నశిస్తుంది. చవకని పెద్ద డబ్బా కొని ఏడాది పొడవునా వాడేవారు రెండో సగంలో ఒట్టి పొట్టు పెడుతున్నట్టే.

సూత్రం 4: మిగిలితే తీసేయండి.

మేత అని కర్మ. మొదటి సూత్రాన్ని పాటించేవారికి దీని అవసరం రాదు. రెండూ రాయడం చేత సూత్రకర్త్రికి భర్త మీద ఎంత నమ్మకమో వ్యక్తం.

అనుక్తం: చెప్పనివి కొన్ని పూరించాలి. చేప కాల్షియాన్ని మేత నుంచే కాక నీళ్ల నుంచి మొప్పలతోనూ తీసుకుంటుంది. బర్నబీ కుళాయికి వచ్చేది ఉత్తర కొండల జలాశయాల్లో నిలిచిన వాననీరు, మంచునీరు, చాలా మెత్తనిది. మెట్రో వాంకూవర్ వారు 2021లో ఆ నీటి పీహెచ్, క్షారత కొంత పెంచారు. గొట్టాలు తినేయకుండా చేసిన ఏర్పాటది. కాఠిన్యం మాత్రం ఇప్పటికీ తక్కువే. నియాన్ టెట్రాలకు మెత్తని నీరే హాయి; గోల్డ్‌ఫిష్, గప్పీలు ఇంకాస్త గట్టి నీరు కోరతాయి. క్లోరిన్ విరుగుడు మరవరాదు. ఇక నవంబరు మబ్బుల్లో ఈ ఊళ్లో సూర్యుడు కనిపించడు. చీకట్లో ఉంచిన గోల్డ్‌ఫిష్ ఎంత మంచి మేత పెట్టినా వెలవెలబోతుంది. దీపానికి టైమర్ పెట్టాలి. తొట్టి అడుగున తెల్లరాళ్లకంటే ముదురు రాళ్లు మేలు, చేప అడుగు రంగుకు తగ్గట్టు తన రంగును ముదరపెట్టుకుంటుంది గనుక.

విసుగొస్తే డీర్ లేక్‌లో వదిలేద్దామనే ఆలోచన వద్దు. ఈ రాష్ట్రంలో అలా వదిలిన గోల్డ్‌ఫిష్‌లు సరస్సులకు పెద్ద బెడదైపోయాయి.

సూత్రం 5: మామయ్యగారికి చదివి వినిపించండి.

టీక: చదివి = బిగ్గరగా; వినిపించండి = ఆయన టీవీ కట్టేసిన తర్వాత.

విశేషం: విన్న మీదట మామగారు వేసిన చివరి ఆక్షేపం ఇది. “ఆకలి లేకపోతే నేను దగ్గరికెళ్లగానే అద్దం దగ్గరికి ఎందుకు దూకుతున్నాయి?”

సమాధానం: గోల్డ్‌ఫిష్ రోజంతా అడుగున వెతుక్కుంటూ తినే జాతి, కడుపు నిండినా వెతుకుతూనే ఉంటుంది. మేత పెట్టే మనిషిని గుర్తుపట్టడం కూడా త్వరగా నేర్చుకుంటుంది. ఆయన్ను చూసి దూకుతున్నాయంటే, ఆయన తరచుగా పెడుతున్నారని మాత్రమే ఋజువు. భర్తను చూసి అవి కదలకపోవడం దీన్ని బలపరుస్తుంది.

ప్రక్షిప్త విచారం: ఐదో సూత్రం కింద ‘ఆదివారం బఠాణీ పెట్టవచ్చు’ అని ఒక పంక్తి ఉంది. సిరా నీలం, మూలం నలుపు. అక్షరాలు పాతకాలపు గుండ్రని దస్తూరి. కర్త ఎవరో చెప్పనక్కర్లేదు. అయినా విషయం శాస్త్రసమ్మతం: గోల్డ్‌ఫిష్ సర్వాహారి, పీచు దాని పేగుకు మంచిది. కనుక ఈ పంక్తి గ్రాహ్యమే. రెండు మూడు గింజలు ఉడికించి, తొక్క తీసి, మెదిపి వేయాలి. ఉప్పు, తాలింపు కూడదు.