ముప్ఫై గంటల డాక్టరు గారు

మా గోదావరి జిల్లాల్లో ఏ ఊరు వెళ్ళినా ఈయన ఒకరు తగులుతారు. యాభై దాటిన వయసు, హస్తవాసి మంచిదని పేరు, పొద్దుటి ఓపీయే నలభై మందికి తగ్గదు. రోగి గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే సగం రోగం కనిపెట్టేస్తారు. ప్రతి అయిదేళ్ళలో నాలుగేళ్ళ పది నెలల పాటు ఆయన డాక్టరు. మిగిలిన రెండు నెలలూ విద్యార్థి.

ఆ రెండు నెలల బాధకి మూలం 2002లో ఉంది. అప్పటి భారత వైద్య మండలి ఆ ఏడాది తెచ్చిన ప్రవర్తనా నియమావళిలో, డాక్టరన్నాక అయిదేళ్ళకి కనీసం 30 గంటలు వృత్తి సంబంధమైన సభలకి వెళ్ళి చదువు కొత్త చేసుకోవాలని రాశారు. దీన్నే కంటిన్యూయింగ్ మెడికల్ ఎడ్యుకేషన్ అంటారు, నోటికి తిరిగేట్టు సీఎంఈ. 2020లో ఆ మండలి పోయి నేషనల్ మెడికల్ కమిషన్ వచ్చింది గానీ, గంటల లెక్క మాత్రం పోలేదు. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్తే రాష్ట్ర కౌన్సిల్ ముందు అడిగేది క్రెడిట్ అవర్లే.

అయిదేళ్ళకి 30 అంటే ఏడాదికి ఆరు, నెలకి అరగంట. మన డాక్టరు గారు రోజూ పేపర్లో రాశిఫలాలకి కేటాయించే టైమంతా కూడితే ఆ అరగంట ఎప్పుడో దాటిపోతుంది. కానీ నెలనెలా అరగంట చదవడం ఆయన జాతకంలో లేదు. కార్తీకమాసం సోమవారాలన్నీ ఇడ్లీలతో గడిపేసి, ఆఖరి రోజు గోదాట్లో మూడు మునకలేసి నెల పుణ్యమంతా ఒళ్ళో పోసుకునే భక్తుడి తంతు ఆయనది.

సంగతి బయటపడేది ఎప్పుడంటే, ఏ ఇన్సూరెన్స్ వాళ్ళో రిజిస్ట్రేషన్ కాపీ పంపమన్నప్పుడు. గోడ మీద ఫ్రేములో ఉన్నదాన్ని కాంపౌండర్ ఫోటో తీయబోయి, "సార్, దీని గడువు మార్చితో అయిపోతోందండి" అంటాడు. అంతే, ఓపీ ఆగిపోతుంది. బీరువా పైనుంచి బాక్సు ఫైలు దిగుతుంది. దుమ్ము దులిపి చూస్తే అందులో రక్తదాన శిబిరం వాళ్ళిచ్చిన అభినందన పత్రం, పాత ఇన్వర్టర్ వారంటీ కార్డు, మేనల్లుడి అబాకస్ సర్టిఫికెట్టు, అసలు సిసలు సీఎంఈ కాగితాలు రెండు. కూడితే నాలుగు గంటలు.

వెంటనే బ్యాచ్‌మేట్‌కి ఫోను. "ఏరా, దగ్గర్లో ఎక్కడైనా సీఎంఈ ఉందా?"

"ఏ టాపిక్ మీద కావాల్రా?"

"టాపిక్ దేనికిరా! క్రెడిట్లెన్ని?"

ఆ రోజు నుంచీ ఆయన జ్ఞానతృష్ణకి హద్దు ఉండదు. జనరల్ ఫిజీషియన్ గారు కాస్తా నెలలు నిండని పసికందుల వెంటిలేటర్ గురించి వింటారు. రోబో చేత ప్రోస్టేట్ తీయించడం గురించి వింటారు. టెస్ట్ ట్యూబ్ బేబీల సదస్సులో మొదటి వరసలోనే కూచుంటారు, ఏసీ గాలి అక్కడికే బాగా తగులుతుందని. ఆయన ఊళ్ళో రోబో లేదు, వెంటిలేటర్ లేదు, ఆయన దగ్గరికి పిల్లలు లేరని వచ్చేవాళ్ళని ఆయనే విజయవాడ పంపిస్తారు. అయితేనేం, రెండేసి క్రెడిట్లు వచ్చాయి కదా.

సీఎంఈ ఆదివారం ఎలా నడుస్తుందో చూడని వాళ్ళ కోసం చెప్పాలి. స్టార్ హోటల్ బాంక్వెట్ హాలు. గుమ్మం దగ్గర రిజిస్ట్రేషన్ బల్ల, సంతకాల పుస్తకం, ఒక సంచీ, అందులో పలచటి నోట్‌ప్యాడు, మధ్యాహ్నానికల్లా రాయడం మానేసే పెన్ను. డాక్టరు గారు ఎనిమిదిన్నరకల్లా హాజరు. ఉదయం సంతకం పోతే రోజంతా పోయినట్టేనని ఆయనకి తెలుసు. పెసరట్టు ఉప్మా కానిచ్చి హాల్లోకి వస్తే జ్యోతి ప్రజ్వలన మొదలవుతుంది. ఫ్యాన్ గాలికి వత్తి ఆరిపోతుంది, ఫ్యాన్ కట్టేస్తారు, ముఖ్య అతిథి ఇంకా దారిలోనే ఉన్నారని తెలుస్తుంది. ఆయన వచ్చాక వేదిక మీద ఉన్న పదకొండు మందినీ పేరుపేరునా పిలిచి శాలువాలు కప్పుతారు. తీరా మొదటి ఉపన్యాసానికి మైకు దొరికేసరికి పదకొండు.

ఉపన్యాసకుడు హైదరాబాద్ నుంచి పొద్దుటి రైల్లో దిగిన కుర్ర సూపర్ స్పెషలిస్టు. ఇచ్చిన టైము ఇరవై నిమిషాలు, తెచ్చిన స్లైడ్లు తొంభై. "ఈ స్లైడు వెనక వాళ్ళకి కనపడకపోవచ్చు" అంటూనే దాని మీద నాలుగు నిమిషాలు మాట్లాడతాడు. కనపడనిదాన్ని ఎందుకు పెట్టావు నాయనా అని ఎవరూ అడగరు. ప్రశ్నల వేళ మాత్రం మూడో వరసలో ఒక పెద్దాయన లేస్తారు. ఈయన లేని సీఎంఈని నేనింతవరకూ చూడలేదు. "నాది ప్రశ్న కాదు, చిన్న అనుభవం" అని మొదలెట్టి, 1987లో కాకినాడలో హౌస్ సర్జన్సీ చేస్తుండగా వచ్చిన ఒక కేసు దగ్గరికి తీసుకెళ్తారు. అక్కడి నుంచి హాలంతా కలిసి వెనక్కి రావడానికి పావుగంట.

భోజనం గురించి ఎక్కువ చెప్పను, రొయ్యల వేపుడు దగ్గర క్యూ చూస్తే చాలు. చెప్పుకోవాల్సింది ఆ తర్వాతి సెషన్ గురించి. మన డాక్టరు గారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కళ్ళు సగం మూసి, ముప్పావుగంటకోసారి తల ఊపుతూ నిద్రపోతారు. వేదిక మీది నుంచి చూస్తే ఆయనంత శ్రద్ధగా వింటున్నవాడు హాల్లో మరొకడు లేడనిపిస్తుంది. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన కుర్రాళ్ళకి ఇంకా ఆ విద్య పట్టుబడలేదు, తిన్నగా కుర్చీలో వెనక్కి వాలి గురకపెట్టి దొరికిపోతారు. నాలుగున్నరకి ఎక్కడెక్కడి వాళ్ళూ వెనక్కి చేరి హాలు మళ్ళీ కిటకిటలాడుతుంది. సర్టిఫికెట్లు ఇచ్చేది అప్పుడే, కౌన్సిల్ పంపిన అబ్జర్వర్ గారు తలలు లెక్కపెట్టేదీ అప్పుడే. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. కుర్చీలో మనిషి ఉన్నాడా లేడా అన్నది ఆయన లెక్కపెట్టగలరు గానీ, ఆ మనిషి బుర్రలోకి ఏం దిగిందో తూచే కాటా ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

డాక్టరు గారికి ఒక పాత బెంగ కూడా ఉంది. ఒకప్పుడు మందుల కంపెనీల వాళ్ళు బ్యాంకాక్‌లోనూ సింగపూర్‌లోనూ చదువు చెప్పించేవారు, మధుమేహం గురించి సముద్రం ఒడ్డున వింటే బాగా అర్థమయ్యేది. 2009 డిసెంబరులో మండలి డాక్టర్లకి కంపెనీల కానుకలూ ప్రయాణ ఖర్చులూ కూడదంది. అయినా సందుగొందుల్లోంచి నడిచింది కొన్నాళ్ళు. 2024 మార్చిలో కేంద్రం మందుల మార్కెటింగ్‌కి కొత్త నియమావళి తెచ్చి, విదేశాల్లో ఇలాంటి సభలు పెట్టడానికే వీల్లేదంది. ఉపన్యాసకులకి తప్ప ఇంకెవరికీ కంపెనీలు టిక్కెట్లూ హోటలు గదులూ ఇవ్వకూడదంది. ఆ 'తప్ప' అన్న మాట దగ్గర డాక్టరు గారి చూపు ఆగింది. పైగా వినేవాళ్ళ కన్నా మాట్లాడేవాళ్ళకి క్రెడిట్లు ఎక్కువ. మర్నాడే మేనల్లుణ్ణి పిలిపించి స్లైడ్లు చేయించారు. సభలో అయిదో స్లైడ్ దాకా బాగానే సాగింది. ఆరో స్లైడ్ మూల ఇంకెవరిదో ఆసుపత్రి గుర్తు, కింద ఇంకెవరిదో పేరు. ఆయన ఏమాత్రం తొణక్కుండా "వారి సౌజన్యంతో" అన్నారు. ఎంతైనా ముప్ఫై ఏళ్ళ ప్రాక్టీసు.

2023 ఆగస్టు 2న కమిషన్ వృత్తి ప్రవర్తనకి కొత్త నిబంధనలు తెచ్చినప్పుడు ఆయన్ని చూడాలి. మందులు జెనరిక్ పేర్లతో రాయాలి, కంపెనీల సొమ్ముతో జరిగే సభలకి వెళ్ళకూడదు అని అందులో ఉండేసరికి అన్నం సయించలేదు. కనిపించిన ప్రతి మెడికల్ రెప్పునీ కూచోబెట్టి దేశం ఎటు పోతోందో చెప్పారు. దేశమంతా డాక్టర్లు గోల పెట్టడంతో సరిగ్గా మూడు వారాలకి, ఆగస్టు 23న, ఆ నిబంధనల అమలు నిలిపేశారు. తను గట్టిగా మాట్లాడబట్టే ఆగిందని ఈయన క్లినిక్‌లో పూతరేకులు పంచారు.

తన కష్టం ఎవరికీ లేదన్న నమ్మకం కూడా ఆయనకి ఉండేది. ఒకరోజు సిస్టర్ దగ్గర వాపోయారు. "30 గంటలమ్మా! ఎక్కణ్ణించి తేను?" ఆవిడ సూది సర్దుకుంటూ, "మాకు 150 సార్, అయిదేళ్ళకే" అంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క అది. కింద మందుల షాపు ఫార్మసిస్టుకి కూడా 2015 నిబంధనల ప్రకారం అయిదేళ్ళలో రెండు రిఫ్రెషర్ కోర్సులు తప్పవు. వాళ్ళెవరికీ రొయ్యల వేపుడు పెట్టగా నేను వినలేదు.

కరోనా వచ్చి హోటళ్ళు మూతపడ్డాక చదువు ఫోన్లోకి వచ్చింది. వెబినార్లు డాక్టరు గారి పాలిట వరం. లాగిన్ అవ్వడం, కెమెరా ఆపడం, ఫోను ఎక్కడో ఓ చోట పెట్టి క్రికెట్ చూడటం. చివర్లో పది ప్రశ్నలుంటాయి, వాటి జవాబులు '1 బి, 2 డి, 3 ఎ' అని బ్యాచ్‌మేట్ల వాట్సాప్ గ్రూపులో పరీక్ష మొదలవకముందే వచ్చేస్తాయి. ఒక ఆదివారం ఆ ఫోను వంటింటి గట్టు మీద ఛార్జింగ్‌లో ఉండిపోయింది. టాపిక్ డెంగీ. ఇంటావిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ గంటా విన్నారు, వేరే దారి లేక.

రాత్రి అన్నాల దగ్గర ఆవిడ అన్నారు. "ఏవండీ, డెంగీలో జ్వరం తగ్గాకే అసలు గండమటగా? ఒకటి రెండు రోజులు కనిపెట్టుకుని ఉండాలట. రక్తనాళాల్లోంచి నీరు జారిపోయి బీపీ పడిపోతుందట. కడుపునొప్పో, ఆగని వాంతులో, మత్తుగా ఉండటమో ఉంటే ఇంటికి పంపకూడదట."

"నాకు తెలుసులేవే."

"ప్లేట్‌లెట్లు కూడా పదివేల కన్నా తగ్గితేనో, రక్తం పోతుంటేనో తప్ప ఎక్కించక్కర్లేదటండీ. మరి మీరు యాభై వేలకే భీమవరం పంపేస్తున్నారుగా?"

ఆయన మజ్జిగ పోయమన్నారు.

మర్నాడు ఓపీలో ఓ పద్నాలుగేళ్ళ కుర్రాడు. డెంగీ, అయిదో రోజు. పొద్దుట్నుంచీ జ్వరం లేదు, ఇంటికెళ్ళిపోతామని వాళ్ళ నాన్న సంచీ సర్దేసుకున్నాడు. డాక్టరు గారు సరేనని చీటీ మీద సంతకం పెట్టబోయి ఆగారు. పొట్ట నొక్కి చూశారు, కుర్రాడు మొహం చిట్లించాడు. నాడి మళ్ళీ చూశారు, చేతులు చల్లగా ఉన్నాయా అని పట్టుకుని చూశారు, రక్తం చిక్కబడిందేమో చెప్పే పీసీవీ పరీక్ష మళ్ళీ చేయమని ల్యాబుకి కబురంపారు. "ఇవాళా రేపూ ఇక్కడే ఉండాలయ్యా. జ్వరం తగ్గిందని సంబరపడకు, అసలు జాగ్రత్త ఇప్పుడే" అన్నారు. సాయంత్రానికి పీసీవీ పెరిగింది, సెలైను లెక్కగా ఎక్కించారు, రెండో రాత్రికి గండం గడిచింది. ప్లేట్‌లెట్లు ముప్ఫై వేలకి పడినా భీమవరం పంపలేదు. మూడో రోజు కుర్రాడు ఇడ్లీ అడిగాడు.

ఆ వెబినార్‌కి క్రెడిట్ డాక్టరు గారి పేరు మీదే పడింది. న్యాయంగా అయితే అది వంటింటి ఖాతాలోకి వెళ్ళాలి.

గడువుకి వారం ముందు మొత్తం 30 పూర్తయ్యాయి. కాగితాలన్నీ స్కాన్ చేసి పంపారు, రెన్యువల్ వచ్చింది, గోడ మీద ఫ్రేములో కాగితం మారింది. బాక్సు ఫైలు మళ్ళీ బీరువా ఎక్కింది. అబాకస్ సర్టిఫికెట్టు అందులోనే ఉంది.

అందుకని మీకో మనవి. ఆదివారం మీ డాక్టరు గారి కోసం వెళ్తే 'సీఎంఈకి వెళ్ళారండి' అని కాంపౌండర్ చెప్పాడనుకోండి, విసుక్కోకుండా సోమవారం వెళ్ళండి. చెయ్యి చాపి నాడి చూపిస్తూనే, "నిన్న ఏం చెప్పారండీ అక్కడ?" అని ఒక్క మాట అడగండి. ఏదో ఒకటి మీకర్థమయ్యేట్టు చెప్పారా, ఆయన్ని వదలకండి. "భోజనం బాగుంది" అన్నారా, వచ్చేటప్పుడు వాళ్ళావిణ్ణి అడిగి రండి.