రుచి చూసేవాళ్ల గోడు

వంటింటి శాస్త్రవేత్తలకు జోహార్లు. 2020 లాక్‌డౌన్‌లో ఇన్‌స్టంట్ కాఫీ పొడి, పంచదార, వేడినీళ్లు సమపాళ్లలో పోసి, చెయ్యి పడిపోయేదాకా గిలక్కొట్టి ‘డాల్గోనా’ అన్నారు. మూతికి మీసాలొచ్చేలా తాగాం. కరోనా సద్దుమణిగింది గానీ ఆ నురగ మాత్రం అణగలేదు. ఇప్పుడు గోంగూర పాస్తా, ఉలవచారు పిజ్జా, చాక్లెట్ పెసరట్టు!

తాజాగా గట్టు మూల, గుడ్డ కట్టిన సీసాలో కొంబుచా వెలిసింది. తీపి టీ డికాక్షన్ మీద జిగురు అట్టులాంటిదేదో తేలుతోంది. పారబోయబోయిన అత్తగారిని కోడలు ఆపింది.

‘‘పాడవలేదత్తయ్యా, పులుస్తోంది. పొట్టకు మంచిది!’’

‘‘మరి నా తరవాణి కుండ పులిస్తే కంపన్నావేమే?’’

జవాబు రాలేదు. వచ్చేదీ కాదు.

ప్రయోగాలు వద్దనడం లేదు. మిరపకాయ సముద్రం దాటి మన దేశానికొచ్చింది పోర్చుగీసువాళ్ల కాలంలోనే. అంటే ఎర్రెర్రని మన ఆవకాయా ఒకప్పుడు ఎవరిదో కొత్త సరదానే. కాకపోతే దాన్ని తొలిసారి కలిపిన తల్లి ముందు ఫొటో తీసి, చల్లారాక వడ్డించి, ‘ఎలా ఉంది?’ అంటూ కళ్లలోకి చూస్తూ నిలబడి ఉండదు. ఇప్పుడైతే ‘బాగుంది’ అంటే రేపూ అదే. ‘బాగాలేదు’ అంటే రేపు అసలేమీ ఉండదు.

కొంబుచా సీసాకు మూత బిగించేవారు మాత్రం జాగ్రత్త, లోపల గ్యాసు పెరిగితే పగులుతుంది. ఇక మా విన్నపం ఒక్కటే: ప్రయోగం ఉన్న రోజున పక్క పొయ్యి మీద గ్లాసుడు బియ్యం కూడా పడేయండి. పచ్చడి సంగతి మేం చూసుకుంటాం.