మా రోజుల్లో బోల్టుని బతిమాలేవాళ్ళం

ఒరేయ్ అబ్బాయిలూ, మీకు ఆ గాలి గన్ను ఎవడు కొనిచ్చాడో గానీ నా చెవులకి శాంతి లేకుండా పోయింది. టర్రుమంటుంది, బోల్టు తల ఊడి నేలమీద పడుతుంది, ఒళ్ళంతా సిలిండర్ హెడ్డులో ఉండిపోతుంది. అప్పుడు నేను గుర్తొస్తాను. "తాతా, ఒక్కసారి వచ్చి చూడవా" అని రాయ్‌పూర్ టాటీబంధ్ నుంచి ఫోను. వస్తాను, రాక ఏం చేస్తాను? కానీ వచ్చాక నా మాటలు కూడా వినాలి.

మాది సాలూరు. లారీల మీద బతికే ఊరు. మా రోజుల్లో సాలూరు బండి ఘాటెక్కి కోరాపుట్, జగదల్‌పూర్, కొండగావ్, కేశ్‌కాల్, కాంకేర్, ధంతరి మీదుగా రాయ్‌పూర్ చేరేది. దారి మొత్తానికి నేషనల్ హైవే 43 అని ఒకటే నంబరు. ఇప్పుడు రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్ దాకా 30 అంటారు, అక్కణ్ణించి విజయనగరానికి ఇంకేవో నంబర్లు. ఇది చాలదన్నట్టు విశాఖ దాకా 464 కిలోమీటర్లు ఆరు వరసల కొత్త రోడ్డు వేస్తున్నారు, దాంట్లో సొరంగం కూడా ఉందట. ఘాటు ఎక్కని డ్రైవరుకి ఇంజను బాధ ఎలా తెలుస్తుందిరా? నేను వచ్చేనాటికి ఈ రాయ్‌పూర్ మధ్యప్రదేశ్‌లో ఉండేది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ అయింది, బండ్ల మీద ఎంపీ పోయి సీజీ వచ్చింది. కేశ్‌కాల్ ఘాటు మాత్రం అక్కడే ఉంది, అది ఎక్కి దిగిన బండికి ఎగ్జాస్టు మేనిఫోల్డు బోల్టు విరగడమూ అలాగే ఉంది.

ఎప్పుడు చూసినా చివరి బోల్టే ఎందుకు విరుగుతుందో మీలో ఒక్కడైనా అడిగాడా? మా మేస్త్రీ అయితే అది చెప్పందే పానా ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆరు సిలిండర్ల ఇంజను పక్కన మేనిఫోల్డు పొడుగ్గా ఉంటుంది. రాయ్‌పూర్ పక్క సిల్తరాలో ఇనుము నిండా వేసుకుని ఘాటెక్కుతుంటే అది ఎర్రగా కాలి సాగుతుంది. హెడ్డులో నీళ్ళు తిరుగుతాయి కాబట్టి అది అంత వేడెక్కదు, అంత సాగదు. దిగేటప్పుడు మేనిఫోల్డు చల్లారి ముడుచుకుంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ మొదటి కొలత కంటే పొట్టిదైపోతుంది. నడుమ ఉన్న బోల్టులకి ఈ లాగుడు తక్కువ. రెండు చివర్లా ఉన్నవాటికే అంతా. పక్కకి లాగీ లాగీ అవి అలిసిపోయి ఉంటాయి, పైగా నాలుగు వానాకాలాల తుప్పు. అలాంటిదాని మీద మీరు గన్ను పెడతారు.

మా రోజుల్లో సాయంత్రం బండి షెడ్డులోకి వస్తే, ఆ రాత్రి బోల్టుల మీద డీజిలూ కిరసనాయిలూ కలిపి పోసి పడుకునేవాళ్ళం. పొద్దున్న లేచి బోల్టు తల మీద సుత్తితో సూటిగా నాలుగు దెబ్బలు, మళ్ళీ నూనె. డ్రైవరు బండి కిందే చాప పరుచుకుని పడుకునేవాడు, క్లీనరు బయట బియ్యం వండేవాడు, మాకూ ఒక ముద్ద పెట్టేవాడు. ఎవరికీ తొందర లేదు. ఓనరుకి రెండు మూడు రోజుల బాడుగ పోయేది, అది నిజమే, కాదనను. కానీ బోల్టు నిండుగా బయటికి వచ్చేది.

విప్పేటప్పుడు కూడా ముందు వెనక్కి తిప్పకూడదు. మొదట వెంట్రుకవాసి బిగించాలి, తుప్పు అప్పుడు పట్టు వదులుతుంది. కిర్రుమని చప్పుడొస్తే మంచిది, కదిలిందని అర్థం. చప్పుడు లేకుండా పానా మెత్తగా, సాగుతున్నట్టు వస్తోందంటే బోల్టు తిరగడం లేదు, మెలిపడుతోంది. అక్కడ ఆగాలి. ఆ మెత్తదనం మణికట్టుకి తెలుస్తుంది, గన్నుకి తెలియదు. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అని ఊరికే అన్నారా?

సరే, విరిగింది. విరిగిన ముక్క బయటికి కాస్త కనబడుతుంటే మీరు దానిమీద నట్టు పెట్టి లోపల వెల్డింగు చేస్తారు చూడు, అది మంచి పద్ధతి, ఒప్పుకుంటాను. ఆ వేడికి బోల్టు ఉబ్బి, చల్లారాక ముడుచుకుని తుప్పు పొర పగులుతుంది. అప్పుడు కొవ్వొత్తి ముక్క తాకిస్తే మైనం కరిగి మరల్లోకి పాకుతుంది. మీరు అంతసేపు ఉండరు. వెల్డింగు ఎర్రగా ఉండగానే పానా వేస్తారు, నట్టు ఊడి చేతికొస్తుంది. ఇంకొకడు తొందరగా చల్లారాలని నీళ్ళు కొట్టబోయాడు. పోత ఇనుము హెడ్డురా అది, పగిలితే ఎవడిస్తాడు?

హెడ్డుతో సమంగా విరిగితే అసలు పని అప్పుడు మొదలవుతుంది. ముందు ఆకురాయితో ఆ ముఖం చదును చెయ్యాలి, లేకపోతే పంచి జారి పక్కకి పోతుంది. బోల్టు గట్టిది, హెడ్డు మెత్తది, డ్రిల్లు బిట్టు ఎప్పుడూ మెత్తనివైపే పరుగెడుతుంది. అందుకే మా మేస్త్రీ లేతు మీద ఒక చిన్న బుష్ తీయించేవాడు, మేనిఫోల్డు రంధ్రంలో సరిగ్గా కూర్చునేది. మేనిఫోల్డుని మళ్ళీ స్థానంలో బిగించి, ఆ బుష్ లోంచి డ్రిల్లు వేస్తే అది నడుమ తప్పి ఎక్కడికీ పోలేదు. పది మిల్లీమీటర్ల బోల్టుకి ముందు సన్న బిట్టు, తరవాత కాస్త లావు, చివరికి ఎనిమిదిన్నర. అప్పుడు బోల్టంతా పోయి మరల మధ్య ఉన్న పొర ఒక్కటే మిగులుతుంది. సూది మొనతో దాని కొస పట్టి లాగితే జంతిక ముక్కలా చుట్టలు చుట్టుకుని వచ్చేస్తుంది, వెనకాల హెడ్డు మర చెక్కుచెదరకుండా మెరుస్తుంది. ఆ తరవాత ట్యాపు, అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. అది చూడ్డానికి పక్క షెడ్లవాళ్ళు వచ్చి నిలబడేవారు.

ఇప్పుడు అందరి జేబులోనూ విరిగిన ముక్క తీసే ఈజీఅవుట్ ఒకటి. చిన్న రంధ్రం చేసి దాన్ని దిగగొట్టి తిప్పడమే. పది మిల్లీమీటర్ల బోల్టే ఓర్చుకోలేక విరిగిందంటే, దాని కడుపులో పెట్టిన పెన్సిలంత ముక్క ఓర్చుకుంటుందా? అదీ విరుగుతుంది. పైగా దానికి నీరు పెట్టి గట్టిచేసి ఉంటారు, ఆకురాయి జారిపోతుంది, మామూలు డ్రిల్లు దిగదు. అప్పుడు ఒక్క బోల్టు కోసం హెడ్డు దింపాలి, గాస్కెట్టు పోతుంది, స్పార్క్ మిషను ఉన్నచోటికి మోసుకుపోవాలి. ఎడమవైపు తిరిగే డ్రిల్లు బిట్లు దొరుకుతున్నాయి కదా, అవి కొనుక్కోండి. రంధ్రం చేస్తుండగానే ఒక్కోసారి ముక్క దానంతటదే తిరిగి బయటికొస్తుంది. అలాంటి మంచి వస్తువు మాకు ఉండేది కాదు.

బండ్లు కూడా అలాగే ఏడిశాయి. 1954లో జంషెడ్‌పూర్‌లో మొదలైన టాటా బెంజి ముక్కు బండికి బానెట్టు ఎత్తితే ఇంజను మొత్తం నీ ముందుండేది. 1969లో బెంజివాళ్ళతో ఒప్పందం ముగిసి నక్షత్రం పోయాక కూడా చాలా కాలం చేతికి చోటుండేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక ఎక్కడ చూసినా సెన్సార్లు, వైర్లు, వాటి నడుమ నా మణికట్టు కూడా దూరదు. కేశ్‌కాల్‌లో నల్ల పొగ తగ్గింది, మా ఊపిరికి అది మంచిదే. మీరు కళ్ళద్దాలు పెట్టుకుని డ్రిల్లు వెయ్యడం కూడా మంచిదే. మాలో ఇనప రజను కంట్లో పడని మేస్త్రీ లేడు.

కొత్త బోల్టు వేసేటప్పుడు మరకి యాంటీ సీజ్ పూయండి, నడుమ నుంచి చివర్లకి బిగించుకుంటూ రండి, టార్క్ రెంచి గోడకి వేలాడదీయడానికి కాదు. ఇంకోమాట. విరిగింది ఒకటే కదా అని ఒకటే మార్చకండి. మిగతావన్నీ అదే ఘాటు ఎక్కినవే. అన్నీ మార్చండి. బిల్లు చూసి ఓనరు గొణిగితే నా దగ్గరికి పంపండి, నేను మాట్లాడతాను.